ముందు ఫోర్కు నుంచి ఆయిల్ కారుతోంది, ఇంట్లోనే ఊడదీయొచ్చా?

కుడి ఫోర్కు నుంచి ఆయిల్ కారుతోంది, షెడ్డుకి ఇవ్వకుండా ఇంట్లోనే తీయొచ్చా అని అడిగారు. తీయొచ్చు. నా 150 సీసీ బండికి నేను రెండుసార్లు తీశాను. రెండోసారి ఎందుకు తీయాల్సి వచ్చిందో చెప్తే మీకు ఎక్కువ పనికొస్తుంది.

అసలు ఫోర్కు ముట్టుకునే ముందు ఒక పని చేయండి. పైనున్న డస్ట్ సీల్‌ని నెమ్మదిగా పైకి జరిపి, పాత ఎక్స్‌రే ఫిల్మ్‌ని సన్నటి పట్టీలా కత్తిరించి, ఆయిల్ సీల్‌కీ పైపుకీ మధ్య దూర్చి చుట్టూ తిప్పండి. సీల్ అంచులో ఇసుక రేణువు ఇరుక్కుని కారుతుంటే దాంతోనే ఆగిపోవచ్చు. నాకు ఆగలేదు, తీయక తప్పలేదు.

మొదటిసారి నేను దెబ్బతిన్నది వరసలో. చక్రం, మడ్‌గార్డ్ అన్నీ తీసి పైపులు చేతికొచ్చాక చూస్తే, పైపు పైన మూతలా ఉండే టాప్ బోల్టు కదలనంటోంది. ఇంట్లో వైస్ (బల్లకి బిగించే పట్టుడు పరికరం) లేదు. నున్నటి క్రోమ్ పైపుకి గుడ్డ చుట్టి పైప్ రెంచ్‌తో పట్టాను. బోల్టు వచ్చింది, గుడ్డ చిరిగి పైపు మీద గోటికి తగిలేంత గీత కూడా పడింది. కొత్త సీల్ మూడు నెలలు కూడా ఆగలేదు. చివరికి పైపే మార్చాను.

ఫోర్కు పైపులు రెండింటినీ కలిపి పట్టుకునే అడ్డ దిమ్మల్ని టీ అంటారు, పైనొకటి, కిందొకటి ఉంటాయి. అందుకే ఫోర్కు బండి మీద ఉండగానే, పై టీ దగ్గర పైపుని పట్టి ఉంచే బోల్టు వదులు చేయండి. అది బిగువుగా ఉంటే టాప్ బోల్టు మరలు కూడా నొక్కుకుని ఉంటాయి. కింది టీ బోల్టు ముట్టుకోవద్దు, పైపుని అదే కదలకుండా పట్టుకుంటుంది. ఇప్పుడు టాప్ బోల్టుని అర చుట్టు తిప్పి వదిలేయండి. పూర్తిగా తీస్తే లోపలి స్ప్రింగు ఎగిరి మొహానికి తగులుతుంది. పై టీ మీదకి పైపు ఎన్ని మిల్లీమీటర్లు లేచి ఉందో కూడా అప్పుడే కొలిచి రాసుకోండి, తిరిగి అంతే పెట్టాలి.

బండిని సెంటర్ స్టాండ్ వేసి, ఇంజన్ కింద చెక్క దిమ్మ పెట్టండి. ఇటుకలు వద్దు, పగులుతాయి. నేను వరండా దూలానికి తాడు వేసి హ్యాండిల్‌ని కూడా కట్టాను. కొంచెం అతి జాగ్రత్తే, కానీ నిశ్చింతగా పని చేసుకున్నాను.

డిస్క్ బ్రేక్ అయితే కాలిపర్ (డిస్క్‌ని ప్యాడ్లతో పట్టే భాగం) విప్పాక బ్రేక్ ఆయిల్ పైపు మీద వేలాడదీయకండి, తీగతో ఫ్రేముకి కట్టండి. ప్యాడ్ల మధ్య చిన్న చెక్క ముక్క పెట్టండి. మా మేనల్లుడు బండెక్కి కూర్చుని ఉత్తినే బ్రేక్ లివర్ నొక్కేవాడు. ఆ చెక్క లేకపోతే పిస్టన్ బయటికొచ్చేసేదే.

చక్రం, మడ్‌గార్డ్ పోయాక కింది టీ బోల్టు వదులు చేసి, ఫోర్కుని అటూ ఇటూ తిప్పుతూ కిందికి లాగితే వచ్చేస్తుంది. రాకపోతే సుత్తి తీయొద్దు, టీ సందులో కాస్త నూనె స్ప్రే చేసి పది నిమిషాలు ఆగండి.

సీల్ మార్చాలంటే అడుగున ఉండే అలెన్ బోల్టు తీయాలి. నాకు లోపలి రాడ్డు కూడా దాంతోపాటే తిరిగింది. గంటసేపు తంటాలు పడి, ఊడదీసిన ఫోర్కుని సంచిలో పెట్టుకుని వీధి చివర మెకానిక్ దగ్గరికి వెళ్ళాను. బోల్టులు విప్పే ఇంపాక్ట్ గన్‌తో క్షణంలో తీసిచ్చాడు. దీనికి సిగ్గుపడాల్సిందేం లేదు. అప్‌సైడ్ డౌన్ ఫోర్కులైతే (లావు పైపు పైన, సన్నటిది కింద ఉండేవి) మాత్రం నేను ఇంట్లో తీయను.

ఆయిల్ మీ బండి మాన్యువల్‌లో చెప్పినంతే, రెండు వైపులా సమానంగా పోయండి. అన్నీ బిగించాక యాక్సిల్‌ని (చక్రం ఇరుసు) పట్టి ఉంచే పక్క బోల్టు చివర్న బిగించాలి, దానికి ముందు ముందువైపుని నాలుగుసార్లు గట్టిగా నొక్కి వదలండి. డిస్క్ మీద ఆయిల్ చుక్క పడి ఉంటే బ్రేక్ క్లీనర్‌తో తుడవండి. ప్యాడ్లు తడిసి ఉంటే కొత్తవే వేయండి. బయలుదేరే ముందు బ్రేక్ లివర్ గట్టిపడేదాకా నొక్కడం మర్చిపోకండి.