వెనక షాక్ అబ్జార్బర్లు ఇంట్లో మార్చుకోవచ్చా?

ప్రశ్న: మాది 2011 నాటి మారుతి ఓమ్ని. స్పీడ్ బ్రేకర్ దాటాక బండి వెనక భాగం మూడు నాలుగు సార్లు ఎగిరిగానీ కుదుటపడడం లేదు. వెనక సీట్లో కూర్చునే మా అమ్మగారికి నడుము నొప్పి ఎక్కువైంది. వంగి చూస్తే కుడివైపు షాక్ అబ్జార్బర్ నూనెతో తడిసి, దుమ్ము అంటుకుని ఉంది. విప్పాల్సినవి పైన ఒక నట్టు, కింద ఒక నట్టు మాత్రమే కనిపిస్తున్నాయి. ఇంటి ముందు చదునైన సిమెంటు వాకిలి ఉంది. జాకీ, పానాలు ఉన్నాయి. నేనే మార్చుకోవచ్చా? కుడివైపుది ఒక్కటే మారిస్తే చాలా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మార్చుకోవచ్చు. మీ బండికి ఇంత ధైర్యంగా చెప్పడానికి కారణం కమాను పట్టీలు, అంటే స్ప్రింగులా పనిచేసే వంచిన ఇనుప పట్టీలు (లీఫ్ స్ప్రింగులు). ఓమ్నిలో వెనక బరువంతా మోసేవి అవే. షాక్ అబ్జార్బర్ బరువు మోయదు, పట్టీల ఊపును ఆపుతుంది. లోపలున్న నూనె సన్నని రంధ్రాల్లోంచి అటూ ఇటూ దూరాల్సి రావడంతో ఆ ఊపు అణుగుతుంది. సీలు పోయి నూనె కారిపోతే ఆపేది ఏదీ ఉండదు. మీరు చూసిన తడి అదే. కాబట్టి దాన్ని విప్పేసినా బండి కుంగదు, స్ప్రింగు ఎగిరి మీద పడదు.

ప్రమాదమంతా బండిని లేపి నిలబెట్టే తీరులో ఉంది. ముప్పై ఏళ్లు షెడ్డులో బళ్ల కింద పడుకున్నవాడిని, ఈ ఒక్క సంగతి గట్టిగా చెబుతాను. నా దగ్గర పని నేర్చుకునే కుర్రవాడు ఒక మధ్యాహ్నం, నేను భోజనానికి వెళ్లినప్పుడు, ఒక వ్యాను వెనక భాగాన్ని జాకీతో లేపి, ఇరుసు కింద ఇటుకలు పేర్చి కిందికి దూరాడు. నట్టు కదలలేదు. కాలు తన్నిపెట్టి పానాను లాగాడు. ఆ కుదుపుకు పై ఇటుక నిలువునా చీలిపోయింది. బండి జానెడు దిగి టైరు మీద ఆగింది. అదృష్టం బాగుండి చక్రం ఇంకా విప్పలేదు. నేను తిరిగి వచ్చేసరికి అతను గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. చేతిలో పానా అలాగే బిగిసిపోయి ఉంది, వేళ్లు ఒక్కొక్కటీ నేనే విడదీశాను. ఆ రోజు నుంచి నా షెడ్డులో బండి కింద ఇటుక కనిపించలేదు.

మీ ఓమ్ని ఖాళీగా ఉన్నా దాదాపు 800 కిలోలు ఉంటుంది. ఇనుప స్టాండ్లు రెండు కొనండి, లేదా తెలిసిన మెకానిక్ దగ్గర ఒక పూటకు అడిగి తెచ్చుకోండి. జాకీ లేపడానికే, నిలబెట్టడానికి కాదు.

చాలామంది మరిచిపోయేది మరొకటుంది. హ్యాండ్ బ్రేకు పట్టుకునేది వెనక చక్రాలనే. ఓమ్నిలో ఇంజను తిప్పేదీ వెనక చక్రాలనే కాబట్టి గేరులో పెట్టినా ఆగేవి అవే. వెనక భాగం గాలిలోకి లేచాక ఈ రెండూ పనికిరావు, ముందు చక్రాలు స్వేచ్ఛగా దొర్లుతాయి. అందుకని జాకీ పెట్టకముందే రెండు ముందు చక్రాలకూ ముందూ వెనకా చెక్క దిమ్మలు గట్టిగా బిగించండి.

స్టాండ్లను ఇరుసు గొట్టం కిందే, పట్టీలకు దగ్గరగా పెట్టండి. ఇరుసు మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే గేర్ల గుండు (డిఫరెన్షియల్) కింద వద్దు. బ్రేకు గొట్టాలు నలగకుండా చూసుకోండి. ఇలా పెడితే బండి బరువు పట్టీల మీదే ఉంటుంది, షాక్ అబ్జార్బర్ రోడ్డు మీద ఉన్నప్పటి పొడవులోనే ఉంటుంది. ఆ లాభం బిగించేటప్పుడు తెలుస్తుంది. కిందికి దూరే ముందు బండిని పక్కనుంచి చేత్తో గట్టిగా తోసి చూడండి. కదిలితే స్టాండ్లు సరిచేయాల్సిందే. చక్రాలు విప్పకుండానే చెయ్యి ఆడితే విప్పకండి. స్టెప్నీని కూడా తెచ్చి ఛాసిస్ కింద పడుకోబెట్టండి.

నట్ల పని ముందురోజు సాయంత్రమే మొదలుపెట్టండి. మరలకు పట్టిన మట్టిని ఇనుప బ్రష్షుతో రుద్ది తీసి, తుప్పు వదిలించే నూనె కొట్టి రాత్రంతా వదిలేయండి. మట్టి తీయకుండా కొడితే నూనెను ఆ మట్టే పీల్చుకుంటుంది. పొద్దున రింగు పానా వాడండి, నోరు తెరిచిన పానా నట్టు మూలలను అరగదీస్తుంది. రాకపోతే కాస్త బిగించే వైపు తిప్పి, మళ్లీ విప్పే వైపు తిప్పండి. మంట మాత్రం పెట్టవద్దు. లోపల నూనె ఉంటుంది, కొన్నింట్లో ఒత్తిడితో నింపిన గ్యాస్ కూడా ఉంటుంది.

రెండూ మార్చండి. ఒకవైపు కొత్తది, ఒకవైపు పాతది ఉంటే గుంతలో, మలుపులో బండి రెండు వైపులా రెండు రకాలుగా స్పందిస్తుంది. కానీ ఒకేసారి రెండూ విప్పకండి. ఒకటి పూర్తిచేసి రెండోదానికి వెళితే వాషరు ఏ వైపు ఉండాలో చూసుకోవడానికి పాతది కళ్ల ముందే ఉంటుంది.

కొత్తది దుకాణంలో పడుకుని ఉంటుంది కాబట్టి లోపల గాలి చేరి ఉండవచ్చు. బిగించే ముందు నిటారుగా పట్టుకుని, పూర్తిగా లాగి నొక్కండి. మొదటి రెండుసార్లు మధ్యలో బోలుగా అనిపిస్తుంది, ఐదారుసార్లకు తేనెలో గరిటె తిప్పినట్టు ఒకే బరువుతో కదులుతుంది. మెరిసే కడ్డీని ప్లయరుతో పట్టుకోకండి. చిన్న గీత పడినా అది సీలును కోసేస్తుంది, నెలల్లోనే మళ్లీ కారుతుంది.

చివరి బిగింపు బండి బరువు ఇరుసు మీద ఉన్నప్పుడే జరగాలి. చివర్లలో ఉన్నవి రబ్బరు బుష్‌లు. ఇరుసు వేలాడుతుండగా బిగిస్తే ఆ రబ్బరు మెలిపడిన స్థితిలోనే బందీ అవుతుంది, కిందికి దించగానే చిరగడం మొదలవుతుంది. స్టాండ్లు ఇరుసు కిందే పెట్టమన్నది ఇందుకే. కొన్ని రోజులు తిరిగాక నట్లను మరొకసారి సరిచూడండి.

ప్రశ్న: వెనకవి స్వయంగా మార్చుకున్నాను, ఇబ్బంది లేదు. ముందువీ అలాగే మార్చుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: వద్దమ్మా. మన చిన్న కార్లలో దాదాపు అన్నింటికీ ముందువైపు స్ప్రింగు షాక్ అబ్జార్బర్ చుట్టూనే అణిచి బిగించి ఉంటుంది. పైన నడిమి నట్టు విప్పగానే ఆ స్ప్రింగు తుపాకీ గుండులా విడుదలవుతుంది. దాన్ని ముందుగా అణిచిపట్టే పరికరం, అది వాడిన అనుభవం రెండూ కావాలి. షెడ్డుకే తీసుకెళ్లండి. పని అయ్యాక చక్రాల అలైన్‌మెంటు కూడా చూపించండి. వెనక కూడా స్ప్రింగు ఇలాగే చుట్టుకుని ఉన్న కార్లకు ఇదే జవాబు.

ప్రశ్న: పాత షాక్ అబ్జార్బర్లలో నూనె నింపి, రంగు వేసి సగం ధరకు ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: తీసుకోకండి. అరిగిన కడ్డీ, అరిగిన పిస్టన్ కొత్త నూనెతో కొత్తవి కావు. రంగు కింద గీతలు కనిపించవు. కొత్తవి కొన్నాక మీ పాతవాటిని కోసి చూడాలని, మంటలో వేయాలని మాత్రం అనుకోకండి. లోపల ఒత్తిడితో గ్యాస్ ఉండవచ్చు. ఆ మాట చెప్పి పాత ఇనుము కొనేవారికి ఇవ్వండి.