అమ్మకు ఒంట్లో బాగాలేదు, మా బ్యాండు ఆల్బమ్ సగంలో ఉంది. ఆపేయాలా?

ఇంట్లో మనిషి మంచాన పడితే గిటారు పట్టుకుని కూర్చోవడం తప్పేమో అని అడిగారు. నాకూ ఇదే జరిగింది. తిరుపతి బైరాగిపట్టెడలో మేడ మీద గది, గోడలకు పాత బొంతలు, నలుగురం. ఆరు పాటలు అయ్యాయి, ఇంకో నాలుగు ఉన్నాయనగా మా నాయనకు రెండు కిడ్నీలూ పోయాయి.

డయాలసిస్ అంటే వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. అలిపిరి రోడ్డులో ఆస్పత్రికి పోను రాను, సూదులు తీశాక రక్తం ఆగేదాకా కూర్చోవడం, అన్నీ కలిపితే ఆ రోజు పోయినట్టే. ప్రాక్టీసు వేళలు మార్చకుండా రెండూ లాగుదామనుకున్నా. రెండు వారాల్లో డ్రమ్మర్‌తో గొడవ (తప్పు నాదే). ఆ తర్వాత ఆస్పత్రి లేని రోజుల్లో, రాత్రి ఎనిమిది దాటాక రెండు గంటలు మాత్రమే అనుకున్నాం. అప్పుడు పని నడిచింది. కాబట్టి ఆపకండి. కాకపోతే తేదీలు ఎవరికీ మాట ఇవ్వకండి.

అసలు చిక్కు వేరే ఉంది. ఏం రాయాలి? నేను ఆస్పత్రినే రాశా. మంచం, సెలైన్, అర్ధరాత్రి కారిడార్. ఒకటి నాయనకు వినిపిస్తే, "ఏందిరా, నేను అప్పుడే పోయినట్టు పాడతా ఉండావే" అన్నాడు. తీసేశాం.

మా బాసిస్టు అప్పుడే ఆర్కేడ్ ఫైర్ మొదటి ఆల్బమ్ వినిపించాడు. మాంట్రియల్ బ్యాండు. 2003, 2004లో దాని మీద పనిచేస్తుండగా ఆ బ్యాండులోని రెజీన్ షసాన్ వాళ్ళ అవ్వ, బట్లర్ అన్నదమ్ముల తాత పోయారు. అందుకే దానికి 'ఫ్యునరల్', అంటే అంత్యక్రియలు, అని పేరు పెట్టారు. పేరు చూసి ఏడుపు పాటలనుకున్నా. తీరా వింటే గుంపుగా గొంతు చించుకుని పాడుతున్నారు, జాతరలో లాగా.

జాతర అనగానే నాయన గుర్తొచ్చాడు. చిన్నప్పుడు తాతయ్యగుంట గంగజాతరలో ఒళ్ళంతా బొగ్గు పూసుకుని తోటి వేషం వేసి, వేషంలో ఉంటే తిట్టినా తప్పు లేదు కదా అని వాళ్ళ లెక్కల అయ్యవారిని వీధి వీధంతా వినేలా తిట్టాడట. మే నెల ఎండలో, రోజుకు లీటరు నీళ్ళు దాటకూడదని డాక్టర్లు చెప్పిన మనిషి, ఐసు ముక్క బుగ్గన పెట్టుకుని ఈ కథ చెబుతూ నవ్వుతాడు. ఆ నవ్వు మీద రాసిన పాటే మా వాటన్నిటిలో బాగా వచ్చింది. మీ అమ్మ జబ్బు గురించి రాయాలనిపిస్తే రాసుకోండి, కానీ ముందు అమ్మను అడగండి. ఆమె చెప్పే కథలు మాత్రం ఇవాళే ఫోన్‌లో రికార్డు చేయండి.

రికార్డింగ్ అంటే ఇంకోటి. డయాలసిస్ కోసం చేతిలో ధమనినీ సిరనూ కలిపి కుడతారు, ఫిస్టులా అంటారు. దాని మీద వేలు పెడితే లోపల తుమ్మెద ఉన్నట్టు జుమ్ముమంటుంది. చెవి ఆనిస్తే ప్రతి గుండె దెబ్బకూ ఒక ఊపు. ఓ రాత్రి నాయన చేతికి చిన్న మైకు ఆనించి ఐదు నిమిషాలు రికార్డు చేశాం. క్లిక్ (లయ తప్పకుండా చెవిలో టక్ టక్ మని కొట్టే చప్పుడు) పెట్టి వాయించబోతే కుదరలేదు, గుండె నిలకడగా కొట్టదు కదా. క్లిక్ కట్టేసి, డ్రమ్మర్ ఆ చేతిని వింటూ వాయించాడు. చివరి పాట అదే.

మిక్సింగ్ అయ్యాక డయాలసిస్ మంచం మీదే ఒక ఇయర్‌ఫోన్ ఆయనకు, ఒకటి నాకు. గిటారు ఎక్కువైందన్నాడు. ఆ చప్పుడు ఎవరిదని అడిగితే చెప్పా. "మరి నా పేరేది?" అన్నాడు. కవరు వెనక డ్రమ్మర్ పేరు కింద చేర్చాం.