గుర్రపుశాలకి సోలార్ లైటు: వాట్లు తర్వాత, ముందు చిగుళ్ళ రంగు కనపడాలి

కరెంటు లైను లేని చోట నాలుగు గుర్రాలకి శాల కట్టుకున్నామని, రాత్రి వెలుతురికి ఎన్ని వాట్ల సోలార్ లైటు కొనాలని మీరు అడిగారు. వాట్ల సంగతి చివర్లో చెప్తాను. ముందు ఒక రాత్రి సంగతి వినండి, ఎందుకంటే శాలలో లైటు అసలు దేనికో నాకు ఆ రాత్రే తెలిసింది.

మొదట్లో నేను కొన్నది అందరూ కొనే రకమే. బ్యాటరీ, ఎల్‌ఈడీలు, సెన్సర్ ఒకే డబ్బాలో ఉంటాయి, పుస్తకమంత ప్యానెల్ ఒకటి కప్పు మీద పడేస్తే సరిపోతుంది. మనిషి కదిలితే వెలుగుతుంది, కదలిక లేకపోతే అరనిమిషానికి ఆరిపోతుంది. మేత వేయడానికి, నీళ్ళు పెట్టడానికి ఏ ఇబ్బందీ రాలేదు. మూడేళ్ళు హాయిగా గడిచిపోయింది.

తర్వాత ఒక వానాకాలం, మూడు రోజులుగా ముసురు. రాత్రి రెండు గంటలప్పుడు ముందుకాలితో నేలని గీరుతున్న చప్పుడు వినిపించింది. గుర్రాలు పెంచేవాళ్ళకి ఆ చప్పుడు వింటే గుండె జారిపోతుంది. వెళ్ళి చూస్తే మా ఎర్ర ఆడగుర్రం మాటిమాటికీ మెడ తిప్పి డొక్కవైపు చూసుకుంటోంది, పడుకుంటోంది, లేస్తోంది. మెడంతా చెమట. కడుపునొప్పి, అంటే కోలిక్. గుర్రానికి వాంతి చేసుకునే వీలుండదు. కాబట్టి లోపల ఏం బిగుసుకున్నా అది ప్రాణం మీదికే వస్తుంది.

డాక్టర్ గారికి ఫోన్ చేస్తే రెండు ప్రశ్నలు అడిగారు. గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోంది? చిగుళ్ళు ఏ రంగులో ఉన్నాయి?

స్టెతస్కోప్ తీసుకుని గుర్రం ఎడమ మోచేయి వెనక పెట్టి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. లెక్క కుదరాలంటే నేను కదలకూడదు. నేను కదలకపోతే సెన్సర్ ఇక్కడ ఎవరూ లేరనుకుంటుంది. పాతికో ముప్పయ్యో లెక్కపెట్టేసరికి చీకటి. చెయ్యి ఊపితే మళ్ళీ లైటు భగ్గుమంటుంది, గుర్రం బెదిరి తల ఎగరేస్తుంది, లెక్క పోతుంది. ఇలా నాలుగుసార్లు అయింది. గుర్రం కళ్ళు చీకట్లో మనకంటే బాగా చూస్తాయి కానీ, వెలుతురు ఒక్కసారిగా మారితే సర్దుకోవడానికి మనకంటే ఎక్కువ సమయం తీసుకుంటాయి. నొప్పితో ఉన్న జంతువుని నేనే ఇంకా హింసపెడుతున్నాననిపించింది. ఐదోసారి చీకట్లోనే లెక్కపెట్టాను, 56 వచ్చింది. ప్రశాంతంగా ఉన్న గుర్రానికి 28 నుంచి 44 లోపు ఉండాలి.

ఇక చిగుళ్ళు. పై పెదవి ఎత్తి చూస్తే బూడిదరంగు, ఒక మూల నీలంగా కూడా ఉంది. వేలితో నొక్కి వదిలితే రంగు రెండు సెకన్లలోపు తిరిగి రావాలి. వచ్చిందో లేదో ఎలా చెప్పను, అక్కడ అసలు రంగే లేకపోతే? "నీలంగా ఉన్నాయండీ" అన్నాను. ఫోన్లో ఆయన ఒక క్షణం ఆగారు. ఆపరేషన్ చేసే చోటుకి తీసుకెళ్ళడానికి బండి సిద్ధం చేసుకోండి, నేను బయల్దేరుతున్నాను అన్నారు. ఆయన వచ్చేదాకా ఆ గంటన్నర ఎంత టెన్షన్ పడ్డానో ఇప్పటికీ రాయలేను. ఆయన వచ్చి, తన హెడ్‌ల్యాంప్ వేసి పెదవి ఎత్తారు. చిగుళ్ళు ఉండాల్సినట్టే గులాబీరంగులో ఉన్నాయి. నా లైటు కిందే అవి శవం చిగుళ్ళలా కనపడ్డాయి.

అదృష్టం, అది గ్యాస్ పట్టేయడం. నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చారు, ముక్కులోంచి గొట్టం వేశారు, తెల్లవారేసరికి పేడ వేసింది. కానీ అదే లైటు వల్ల తప్పు ఇంకోవైపు జరిగి ఉంటే? విషం ఎక్కి చిగుళ్ళు ముదురెరుపు అయిపోయిన గుర్రాన్ని చూసి నేను "బానే ఉన్నాయండీ" అని ఉంటే?

అందుకే నా మాట ఇది. డబ్బా మీద సీఆర్‌ఐ అనే అంకె చూడండి. వస్తువుల రంగుని లైటు ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె అది, 100కి లెక్క. చవక ఎల్‌ఈడీలు 70 దగ్గర ఉంటాయి, మీరు 90కి తక్కువ కొనొద్దు. వీలైతే ఆర్9 ఎంతో కూడా అడగండి. సీఆర్‌ఐ లెక్క వేసే ఎనిమిది రంగులూ లేతవే, ముదురెరుపు అందులో ఉండదు. దానికి విడిగా ఉన్న అంకె ఆర్9. చవక లైట్లలో అది సున్నాకి అటూఇటూ ఉంటుంది. రక్తం రంగు చూడాల్సిన మనకి కావలసింది సరిగ్గా అదే. అంకెలు రాయని లైటయితే దాని కింద మీ అరచేతిని పెట్టి, బొటనవేలితో గట్టిగా నొక్కి వదలండి. తెల్లబడిన చోట ఎరుపు తిరిగి రావడం స్పష్టంగా కనపడితే తీసుకోండి. కనపడకపోతే ఊరికే ఇచ్చినా వద్దు.

సెన్సర్ వద్దేవద్దు. గిట్ట చేతిలో పట్టుకుని మేకు తీస్తున్నప్పుడు లైటు ఆరిపోతే మీకూ ప్రమాదం, గుర్రానికీ ప్రమాదం. మామూలు గోడ స్విచ్ పెట్టండి, అదీ గది బయట.

వాట్ల దగ్గరికి వస్తే, అమ్మేవాళ్ళ మీద నాకు నిజంగా కోపం. పుస్తకమంత ప్యానెల్ ఉన్న లైటు మీద 300 వాట్లు అని అచ్చు వేస్తారు. చదరపు మీటరు ప్యానెల్ మిట్టమధ్యాహ్నం నిండు ఎండలో ఇచ్చేదే సుమారు 200 వాట్లు. పుస్తకమంతది 10 వాట్లు ఇస్తే గొప్ప. వెలుగు ఎంతో తెలియాలంటే ల్యూమెన్లు చూడాలి, అవి చాలామంది రాయనే రాయరు.

మీ నాలుగు గదులకి 10 వాట్ల మంచి ఎల్‌ఈడీలు నాలుగు చాలు. రోజుకి నాలుగు గంటలు వాడితే 160 వాట్-అవర్లు. నా మూడు రోజుల ముసురు గుర్తుంది కదా, మూడు రోజులకి 480 పెట్టుకోండి. 12 వోల్టుల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ అయితే 50 ఏహెచ్ (ఆంపియర్-అవర్లు, బ్యాటరీ ఎంత దాచుకుంటుందో చెప్పే అంకె) సరిపోతుంది. లెడ్ యాసిడ్ అయితే సగానికి మించి వాడితే త్వరగా పాడవుతుంది కాబట్టి 80 ఏహెచ్ కావాలి. ప్యానెల్ 100 వాట్లకి తగ్గొద్దు. మబ్బు రోజున దాంట్లో నాలుగో వంతు రావడం కూడా కష్టం.

వైరు దగ్గర పిసినారితనం చేయకండి. 12 వోల్టుల మీద నాలుగు లైట్లనీ 15 మీటర్ల దూరానికి 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగతో లాగితే ఒక వోల్టుకి పైనే దారిలో పోతుంది. 4 చదరపు మిల్లీమీటర్లది వేస్తే అరవోల్టు లోపే. బ్యాటరీ పక్కనే ఫ్యూజు ఉండాలి, తీగంతా గొట్టంలో నడవాలి. ఎలుకలు కొరికిన తీగ, ఎండుగడ్డి, దుమ్ము పట్టిన సాలెగూళ్ళు, ఈ మూడూ ఒక్కచోట ఉంటే శాల తగలబడటానికి నిమిషాలు చాలు. బ్యాటరీని గడ్డి గదిలో పెట్టేవాళ్ళని చూశాను, వద్దని చేతులు పట్టుకుని బతిమాలాను కూడా. లెడ్ యాసిడ్ బ్యాటరీ చార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది, గాలి ఆడే చోట విడిగా ఉంచాలి. లైటు డబ్బా ఐపీ65 ఉండాలి, అంటే దుమ్ము, నీటి జల్లు లోపలికి పోని రకం. దుమ్ము ఒకెత్తయితే, మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా లోహాన్ని తినేస్తుంది.

లైటుని గది మధ్యలో వేలాడదీయకండి. మీ నీడే మీరు చూడాల్సిన కాలి మీద పడుతుంది. నేను ప్రతి గదిలో ఒక పెద్ద లైటుకి బదులు, ఇటూ అటూ గోడల మీద, గుర్రం వెనక కాళ్ళ మీద లేచినా అందనంత ఎత్తులో, తక్కువ వాట్లవి రెండేసి పెట్టుకున్నాను.

ఇంకొక్కటి. రాత్రంతా లైటు ఉంచేవాళ్ళకి దండం పెట్టి చెప్తున్నాను, ఆర్పేయండి. పగటి పొడుగుని బట్టే ఆడగుర్రం ఎదకి వస్తుంది, చలికాలపు బొచ్చు పెరిగి రాలుతుంది. ఎద ముందుకు జరపడానికి కావాలనే రోజుకి 16 గంటలు వెలుతురు ఇచ్చేవాళ్ళున్నారు, వాళ్ళు కూడా మిగతా 8 గంటలు చీకటి ఉంచుతారు. రాత్రి చూసి రావడానికి నాది విడిగా ఒక చిన్న ఎర్ర లైటు. గుర్రాలు ఎరుపుని సరిగ్గా గుర్తించలేవు కాబట్టి దానికి పెద్దగా బెదరవు. చిగుళ్ళు చూడటానికి మాత్రం అది పనికిరాదు, అనుమానం వస్తే తెల్లది వేయాల్సిందే.

నిన్న రాత్రి కూడా వెళ్ళాను. ఎర్రది ఒక వెనక కాలు సడలించి, గిట్ట కొస నేలకి ఆనించి, కింది పెదవి వేలాడేసి నిలబడి నిద్రపోతోంది. నా అడుగుల చప్పుడుకి ఒక చెవి ఇటు తిప్పి మళ్ళీ అటు తిప్పేసింది. తెల్ల లైటు వేయకుండానే వచ్చేశాను.