సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు మొదటి అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. వీల్‌చైర్‌లో ఉన్న నాన్నగారిని మోసుకెళ్లడం తప్ప దారి లేదా?

మీరు అడిగింది క్లుప్తంగా: నాన్నగారికి పక్షవాతం, పొలం అమ్మకం రిజిస్ట్రేషన్ ఉంది, ఆఫీసు అద్దె భవనంలో పై అంతస్తులో ఉంది, "నలుగురం కలిసి ఎత్తుకుపోదాం, అయిదు నిమిషాల పని" అంటున్నాడు డాక్యుమెంట్ రైటరు. ఇందులో రెండు పనులున్నాయి. ఒకటి ఈ వారం రిజిస్ట్రేషన్ జరగడం, రెండోది ఆ మెట్ల సంగతి. రెంటినీ ఒకే కాగితంలో కలిపి రాస్తే మొదటిది చేసి రెండోది అటకెక్కిస్తారు. విడివిడిగా రాయండి.

ముందు రిజిస్ట్రేషన్. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోనే దీనికి దారి ఉంది. శరీర బలహీనత వల్ల ప్రమాదమో తీవ్రమైన ఇబ్బందో లేకుండా ఆఫీసుకు రాలేని మనిషికి సెక్షన్ 38 హాజరు మినహాయింపు ఇస్తుంది. అప్పుడు అధికారి తానే ఇంటికి రావాలి, లేదా కమిషన్ జారీ చేసి మనిషిని పంపాలి. దస్తావేజును ఇంటి దగ్గరే దాఖలు చేసుకోవడానికి సెక్షన్ 31 ఉంది. డాక్టరు సర్టిఫికెట్ జతచేసి, రెండు సెక్షన్లూ పేరుపెట్టి, ముందుగానే దరఖాస్తు ఇవ్వండి. దీనికి వేరే ఫీజు ఉంటుంది, రసీదు అడిగి తీసుకోండి. ఫోటో, వేలిముద్రలు తీయాలి కాబట్టి ఆ పరికరాలు కూడా ఇంటికి రావాలని దరఖాస్తులోనే రాయండి. చాలాసార్లు పని ఆగేది ఇక్కడే. మనిషి వస్తాడు, మెషీన్ రాదు.

ఇక మెట్లు, వాటి మీద పెట్టాల్సిన ఫిర్యాదు. "ఇంటికే వచ్చి చేశాం కదా, ఇంకేం కావాలి" అన్న జవాబు తప్పకుండా వస్తుంది. నాన్నగారి పని అయిపోయింది నిజమే. రేపు ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు చూపే ధ్రువపత్రం) కోసం వచ్చే ఇంకో మనిషి సంగతేంటి? ఇంటికి రావడం సర్దుబాటు, ఆఫీసులోకి వెళ్లగలగడం హక్కు. 2023లో ముంబయిలో వీల్‌చైర్ వాడే ఒక వధువుని పెళ్లి రిజిస్ట్రేషన్‌కి రెండో అంతస్తుకు మోసుకెళ్లాల్సి వచ్చినప్పుడు దేశమంతా వార్తయింది. వార్త కాకుండా జరిగేవే ఎక్కువ.

"నిధుల్లేవండీ" అనే మాట వెనక ఒక చరిత్ర ఉంది. జావేద్ అబీదీ వంటి వికలాంగుల ఉద్యమకారులు పార్లమెంటు ముందు నిలబడి పోరాడితే 1995లో వికలాంగుల కోసం మొదటి చట్టం వచ్చింది. కానీ అందులో ర్యాంపులు కట్టడాన్ని "ఆర్థిక స్థోమత, అభివృద్ధి పరిమితుల మేరకు" అన్న ముక్కతో కట్టేశారు. ఇరవై ఏళ్లపాటు ప్రతి ఆఫీసూ ఆ ముక్క వెనకే దాక్కుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం వచ్చాక ఆ మినహాయింపు పోయింది. (ప్రభుత్వ కాగితాల్లో దివ్యాంగులు, విభిన్న ప్రతిభావంతులు అని ఉంటుంది. ఉద్యమంలో ఉన్న చాలామంది వికలాంగులు అనే అంటారు. ఫిర్యాదులో ఏది రాసినా చెల్లుతుంది.) సెక్షన్ 45 ప్రకారం అప్పటికే ఉన్న ప్రజా భవనాలన్నిటినీ నిబంధనలు వచ్చిన అయిదేళ్లలోగా అందరూ వాడుకోగలిగేలా మార్చాలి. నిబంధనలు వచ్చింది 2017 జూన్‌లో. అంటే గడువు 2022 జూన్‌తోనే అయిపోయింది.

"అద్దె బిల్డింగ్ సార్, ఓనరు ఒప్పుకోడు" అన్నదీ నిలవదు. చట్టంలో ప్రజా భవనం అంటే ప్రజలు వాడే ప్రభుత్వ లేదా ప్రైవేటు భవనం. ఓనరు ఎవరన్నది అక్కడ లెక్కలోకి రాదు.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి. ప్రజా స్థలాలు వికలాంగులు వాడుకోగలిగేలా ఉండాలంటూ చూపులేని రాజీవ్ రాతూరి 2005లో వేసిన కేసులో 2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. చట్టం తప్పనిసరి అంటుంటే దాని కింద చేసిన నిబంధన (రూల్ 15) మాత్రం ప్రమాణాలను సలహాల్లా మిగిల్చిందని, అది చట్టానికి విరుద్ధమని చెప్పి, తప్పనిసరి ప్రమాణాలు తెమ్మని కేంద్రానికి మూడు నెలలు గడువిచ్చింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదికల్లో ఒకటి మన హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం వైకల్య అధ్యయన కేంద్రం తయారుచేసింది. ఫిర్యాదులో ఈ తీర్పు గురించి ఒక వాక్యం చాలు.

ఇప్పుడు కొలిచే టేపు తీసుకెళ్లండి. ఫిర్యాదు బలం దాంట్లోనే ఉంది. "చాలా ఇబ్బందిగా ఉంది" అని రాస్తే "పరిశీలిస్తాం" అని జవాబొస్తుంది. "22 మెట్లు, ఒక్కొక్కటి 6 అంగుళాల ఎత్తు, రెయిలింగ్ ఒకవైపే, లిఫ్టు లేదు" అని రాస్తే ఎవరో ఒకరు వచ్చి చూడక తప్పదు.

ర్యాంపుకు మేస్త్రీలకు కూడా గుర్తుండే లెక్క ఒకటుంది: అంగుళానికి అడుగు. ఎత్తు ఒక అంగుళమైతే పొడవు కనీసం ఒక అడుగు. ప్రమాణాల్లో 1:12 అనేది ఇదే. కింద గడప దగ్గర ఆరేసి అంగుళాల మెట్లు మూడున్నాయంటే 18 అంగుళాలు, ర్యాంపు 18 అడుగులు కావాలి. మన ఆఫీసుల ముందు కట్టేది ఎంత? ఆరడుగులు. అది 1:4. బైకు ఎక్కుతుంది, వీల్‌చైర్ వెనక్కి తిరగబడుతుంది. ఫోన్‌లో లెవెల్ యాప్ తెరిచి ర్యాంపు మీద పెట్టండి. 5 డిగ్రీల లోపు ఉండాలి, ఆరడుగుల దాని మీద 14 చూపిస్తుంది. ఆ స్క్రీన్ కనిపించేలా ఫోటో తీయండి.

వెడల్పు నాలుగడుగులు, పైనా కిందా తిరగడానికి అయిదడుగుల చదును, తలుపు మూడడుగుల ఖాళీ. ఎత్తు 30 అంగుళాలు దాటితే మధ్యలో ఆగే చదును ఉండాలి. రెండువైపులా రెయిలింగ్, రెండు ఎత్తుల్లో. నున్నటి గ్రానైట్ వేస్తే వాన పడ్డ రోజు ఎంత పొడవున్నా పనికిరాదు. ర్యాంపు మొదట్లో కాలువ మీద జాలీ ఉంటే ముందు చక్రం అందులో ఇరుక్కుంటుంది, దాన్నీ కొలిచి రాయండి.

ఇదే లెక్కతో ఇంకోటి తేలుతుంది. పై అంతస్తుకు ర్యాంపు అడగొద్దు. 22 మెట్లంటే 132 అంగుళాలు, 132 అడుగుల ర్యాంపు, మధ్యలో చదునులు అదనం. అది కట్టే స్థలం లేదని ఒక్క వాక్యంతో ఫిర్యాదు మూసేస్తారు. అడగాల్సింది లిఫ్టు. అది వచ్చేదాకా కింద అంతస్తులో ఒక గది. అదీ కుదరకపోతే అద్దె ఒప్పందం ముగిశాక వేరే భవనం. ఈ వరుసలోనే రాయండి. ఫోటోలు వీధిలోంచి, మెట్ల మీంచి తీయండి. సిబ్బంది మొహాలు పడితే మాట పక్కదారి పడుతుంది.

ఫిర్యాదులో అసలు పేరా ఇలా ఉంటే చాలు:

"ఈ కార్యాలయం మొదటి అంతస్తులో ఉంది. వెళ్లడానికి 22 మెట్లు తప్ప మార్గం లేదు. వికలాంగుల హక్కుల చట్టం 2016 సెక్షన్ 45 గడువు 2022 జూన్‌తో ముగిసింది. లిఫ్టు ఏర్పాటు చేసే వరకు కింద అంతస్తులో సేవలు అందించాలని, ఎప్పటికి పూర్తవుతుందో తేదీతో రాతపూర్వకంగా తెలపాలని ఆదేశించగలరు."

ఇది రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కి వెళ్లాలి. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. బ్యాంకు, పోస్టాఫీసు, రైల్వే లాంటి కేంద్ర సంస్థలైతే ఢిల్లీలోని చీఫ్ కమిషనర్‌కి. తప్పు చిరునామాకి పంపితే తిరిగి రావడానికే నెలలు పడుతుంది. స్పీడ్ పోస్ట్ చేసి రసీదు దాచుకోండి. నకలు ఒకటి కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణిలోనో (ఆంధ్రాలో అయితే ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనో) ఇచ్చి నంబరు తీసుకోండి. యూడీఐడీ కార్డో (వికలాంగుల గుర్తింపు కార్డు) సదరం సర్టిఫికెట్టో (వైకల్య ధ్రువపత్రం) ఉంటే జతచేయండి, లేకపోయినా ఆగొద్దు. 40 శాతం వైకల్యం ఉండాలన్న లెక్క ఉద్యోగ రిజర్వేషన్ల వంటి వాటికి. మెట్లు ఎక్కలేని మనిషికి శాతం చూపమని చట్టం అడగదు.

వికలాంగుల హక్కుల చట్టం సెక్షన్ల విషయంలో రెండు పొరపాట్లు తరచూ కనిపిస్తాయి. సెక్షన్ 23 రాస్తారు, అది ఉద్యోగుల ఫిర్యాదులకు. సెక్షన్ 92 రాస్తారు, అది అవమానం, దాడి వంటి నేరాలకు. ఇక్కడ అవి పెడితే మిగతా కాగితం బలం కూడా తగ్గుతుంది.

పక్కనే ఆర్టీఐ వేయండి. మన రెండు రాష్ట్రాల్లో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. మూడే అడగండి: అద్దె ఒప్పందం నకలు, ఈ భవనానికి యాక్సెసిబిలిటీ ఆడిట్ (వికలాంగులు వాడుకోగలరో లేదో చూసే తనిఖీ) జరిగితే దాని నకలు, సెక్షన్ 45 గడువు పొడిగిస్తూ ఉత్తర్వు ఏదైనా ఉంటే దాని నకలు. 30 రోజుల్లో జవాబు రావాలి. "అలాంటి ఉత్తర్వు లేదు" అని వస్తే అదే మీకు కావాల్సిన కాగితం.

కమిషనర్ ఇచ్చేది సిఫార్సు, కోర్టు డిక్రీ కాదు. దాని మీద సంబంధిత శాఖ మూడు నెలల్లో చర్య తీసుకుని చెప్పాలి. ఒప్పుకోకపోతే కారణాలు మీకు కూడా తెలపాలి. సెక్షన్ 89లో జరిమానా మొదటిసారి 10,000 వరకు, ఆ తర్వాత 50,000 నుంచి 5 లక్షల వరకు ఉంది గానీ దాని మీద ఆశ పెట్టుకోకండి. మూడు నెలల మౌనమే హైకోర్టులో రిట్‌కి (ప్రభుత్వం మీద వేసే పిటిషన్‌కి) సరుకు. వికలాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి.

కింద గదిలో కౌంటరు ఇచ్చారనుకోండి, లోపల కంప్యూటరు, నెట్ ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే సంతకానికి మళ్లీ పైకే రమ్మంటారు. ర్యాంపు కడితే కట్టిన వారంలోనే టేపు పట్టుకుని మళ్లీ వెళ్లండి. దాని ముందు బైకులు పెట్టకుండా ఎవరు చూడాలో, పక్క గేటు తాళం ఎవరి దగ్గర ఉంటుందో కూడా కాగితం మీద రాయించుకోండి.