ముంపును ఓర్చే స్వర్ణ

ప్రశ్న: మాది కోనసీమలో మురుగు కాలువను ఆనుకుని ఉన్న పల్లపు పొలం. సార్వా నాట్లు పడిన నెల తిరగకముందే చేను తరచుగా మునుగుతుంది. మా నాన్నగారు ఏళ్లుగా స్వర్ణే వేస్తున్నారు. రెండు వారాలు నీటి కింద ఉన్నా చావని స్వర్ణ ఒకటుందని విన్నాము. అది జన్యుమార్పిడి పంటేనా? అది వేస్తే మా బెడద తీరుతుందా?
— ఒక పాఠకుడు

జవాబు: మీరు విన్న రకం పేరు స్వర్ణ-సబ్1. అది జన్యుమార్పిడి పంట కాదు, వరిని వరితోనే సంకరం చేసి తయారు చేసిన రకం. మీ నాన్నగారు నమ్ముకున్న స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు పరిశోధన కేంద్రం నుంచి 1982లో విడుదలై, ఒడిశా, బెంగాల్, బంగ్లాదేశ్ పల్లపు భూముల దాకా విస్తరించింది. అయితే అది ముంపుకు తట్టుకోలేదు. ఆ కొరత తీర్చే గుణం ఒడిశా నాటు వరి నుంచి ఎంపిక చేసిన ఎఫ్‌ఆర్‌13ఏ అనే పాత రకంలో ఉంది. దాని దిగుబడి తక్కువ కనుక, దాన్నే వేసుకోమంటే రైతు ఒప్పుకోడు.

మామూలు వరి మునిగినప్పుడు మొక్కలో ఇథిలీన్ వాయువు పేరుకుంటుంది, దాని ప్రేరణతో మొక్క నీటిపైకి రావాలని ఆత్రంగా సాగుతుంది. నిల్వ ఉన్న పిండిపదార్థం ఆ సాగుడుకే ఖర్చయిపోవడంతో, నీరు తీసేసరికి మొక్క నీరసించి వాలిపోయి కుళ్లిపోతుంది. ఎఫ్‌ఆర్‌13ఏలోని సబ్1ఏ జన్యువు ఇందుకు విరుద్ధంగా ఎదుగుదలను బిగబట్టి ఆ నిల్వను పొదుపు చేయిస్తుంది, నీరు తీశాక మొక్క దానితోనే కొత్త ఆకులు వేస్తుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2006లో ఈ జన్యువును ప్రకటించారు. ఆ సంస్థలో సంకర మొక్కలను మళ్లీ మళ్లీ స్వర్ణతోనే కలుపుతూ, తరతరానా లేత మొక్కల డీఎన్‌ఏ పరీక్షించి, సబ్1 ఉండి తక్కినదంతా స్వర్ణను పోలిన వాటినే ముందుకు తీసుకువెళ్లారు. అలా వచ్చిన రకం 2009లో మన దేశంలో విడుదలైంది, బంగ్లాదేశ్‌లో అదే బ్రి ధాన్ 51 అయింది. ముంపు లేని ఏడాది దీని దిగుబడి స్వర్ణకు తీసిపోదు.

ఒడిశా రైతుల చేలలో జరిపి 2013లో ప్రచురించిన పరీక్షలో, పది రోజులు మునిగిన చోట ఇది స్వర్ణ కంటే సుమారు 45 శాతం ఎక్కువ పండింది. అక్కడే ఆ తర్వాత తేలిన మరో విషయం నాకు ఇంతకంటే విలువైనదిగా తోస్తుంది. పంట పోతుందన్న భయం తగ్గిన రైతులు ఎరువు కాస్త ఎక్కువ వేశారు, వెదజల్లడం తగ్గించి నాట్లు పెంచారు, కాబట్టి వరద రాని ఏడాదీ లాభపడ్డారు.

ఇక మీ రెండో ప్రశ్నకు పూర్తిగా అవునని చెప్పలేను. నాటిన మొక్క నిలదొక్కుకుని పిలకలు వేసే దశలో, సుమారు రెండు వారాల లోపు మునిగితేనే ఈ గుణం ఆదుకుంటుంది, నీరు మరీ బురదగా ఉంటే అదీ తగ్గుతుంది. విత్తనం మొలకెత్తేటప్పుడు, చేను ఈనేటప్పుడు ముంపు వస్తే దీనివల్ల ప్రయోజనం లేదు. నెలల తరబడి నీరు నిలిచే చేనుకూ ఇది తగదు. మునిగి లేచిన పైరు కోతకు రావడం కొంత ఆలస్యమవుతుంది కనుక, అక్టోబరు, నవంబరు తుపాన్లకు మన తీరంలో అది మరింత చిక్కే అవుతుంది. మురుగు కాలువలో గుర్రపుడెక్క తీయించకుండా విత్తనం ఒక్కటే మార్చడం సగం పనే.

మీకు ముంపు నాట్ల తర్వాతి నెలలోనే వస్తున్నట్లు రాశారు కాబట్టి, ముందుగా అర ఎకరంలో, పక్కనే మీ స్వర్ణను ఉంచి, వేసి చూడండి. నీరు తీసిన వెంటనే కాక, కొత్త ఆకు కనిపించాకే యూరియా చల్లండి. ఇది సూటి రకం, హైబ్రిడ్ కాదు, కనుక కల్తీ లేకుండా చూసుకుంటే మీ చేలో గింజనే మళ్లీ విత్తుకోవచ్చు. కల్తీని పట్టడానికి ఒక గుర్తుంది: స్వర్ణకు ఆ పేరు తెచ్చిన బంగారు ఛాయ ఈ రకం ఊకపై ఉండదు, గింజ ఎండుగడ్డి రంగులో ఉంటుంది. ధాన్యం కొనేవారికి ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి.