మొదటి సెమిస్టర్‌లో ఒక్కటే మార్చు

చి. హారికకు ఆశీస్సులు.

ఆగస్టులో అమెరికా లా స్కూల్లో నువ్వు చెప్పబోయే కాంట్రాక్ట్స్ (ఒప్పందాల చట్టం) కోర్సు సిలబస్ చదివాను. వారం వారం క్విజ్, గ్రూప్ ప్రాజెక్టు, వీడియో పాఠాలు, రెండు మిడ్‌టర్మ్‌లు. అవతల 75 మంది ఫస్టియర్ పిల్లలు, ఇవతల నువ్వొక్కదానివి. వీటిలో ఒక్కటి ఉంచుకో, తక్కినవి వచ్చే ఏడాదికి చూద్దువు గాని. ఉంచాల్సింది ఒక్క మిడ్‌టర్మ్, అదీ ఐదో వారంలో రాయించే చిన్న పరీక్షగా. దాన్ని వారంలోపు దిద్ది ఇచ్చెయ్.

1870లో లాంగ్‌డెల్ అనే ప్రొఫెసర్ హార్వర్డ్ లా స్కూల్‌కి వచ్చి కేసుల పద్ధతి (పాత తీర్పులు చదివించి వాటిలోంచే రూలు రాబట్టించడం) మొదలుపెట్టిన దగ్గర్నుంచి అమెరికా లా స్కూళ్లకి ఒక అలవాటు పాతుకుపోయింది. సెమిస్టరంతా క్లాసులో నోటితో వాదించమంటారు, చివర్లో ఒకే ఒక్క పరీక్షలో రాసి చూపమంటారు. ఎలా రాయాలో మధ్యలో చెప్పేవాళ్లు తక్కువ. లా స్కూళ్లకి గుర్తింపునిచ్చే అమెరికన్ బార్ అసోసియేషన్ ప్రమాణాల్లో 314వది స్కూలు పాఠ్యక్రమంలో చివరి పరీక్షలతో పాటు, నేర్చుకుంటూ ఉండగా పెట్టేవి కూడా ఉండాలంటుంది. కానీ ఎలా పెట్టాలన్నది చాలావరకు టీచరుకే వదిలేస్తారు.

ముందు గంటలు లెక్కేసుకో. 310వ ప్రమాణం ప్రకారం ఒక్కో క్రెడిట్‌కి వారానికి 50 నిమిషాల క్లాసు, బయట రెండు గంటల చదువు. నీది నాలుగు క్రెడిట్లు కాబట్టి బయట చదువుకి వారానికి 8 గంటలు. వారానికి మూడు క్లాసులంటే క్లాసుకి రెండు గంటల నలభై నిమిషాలు. మొదటి నెలలో పిల్లలు కేస్‌బుక్ (తీర్పుల సంకలనం) గంటకి పది పేజీలకి మించి చదవలేరు, అందుకని క్లాసుకి 25 పేజీలు దాటనివ్వకు. నీ సిలబస్‌లో 40 ఉన్నాయి. అలా పెడితే మూడో వారానికల్లా ఎవరో సీనియర్ నోట్సు క్లాసంతా తిరుగుతుంటుంది, కేసు చదివేవాళ్లుండరు.

ఇక బోధన. నువ్వు మన దగ్గర ఎల్‌ఎల్‌బీ చదివినదానివి కనుక సెక్షన్ ముందు చెప్పి, ఉదాహరణ తర్వాత ఇవ్వాలని చెయ్యి లాగుతుంది. ఆపుకో. హేమర్ వర్సెస్ సిడ్వే తీసుకో. 1869లో ఒక పెద్దాయన సోదరుడి కొడుక్కి మాటిచ్చాడు: 21 ఏళ్లు నిండేదాకా తాగకుండా, పొగాకు ముట్టకుండా, బూతులాడకుండా, డబ్బు పెట్టి పేకాట, బిలియర్డ్స్ ఆడకుండా ఉంటే 5,000 డాలర్లు ఇస్తానని. కుర్రాడు నిలబెట్టుకున్నాడు. పెద్దాయన ఇవ్వకుండానే పోయాడు. 1891లో న్యూయార్క్ కోర్ట్ ఆఫ్ అపీల్స్ ఆ డబ్బు ఇవ్వాల్సిందేనంది.

70 నిమిషాల క్లాసులో మొదటి పది ‘ఎవరు ఎవరి మీద వేశారు?’ అన్నదానికే పోతాయి, పోనీ. కేసు పేరులో పెద్దాయనా లేడు, కుర్రాడూ లేడు. హేమర్ ఆ హక్కు చేతులు మారి వచ్చినావిడ, సిడ్వే ఆస్తి వ్యవహారం చూసే ఎగ్జిక్యూటర్. ఇది తేల్చుకోకుండా ముందుకెళ్తే సగం మంది చివరిదాకా తికమకపడుతూనే ఉంటారు. తర్వాత పావుగంట ఎగ్జిక్యూటర్ వాదన ఒకరి చేత చెప్పించు: మంచి అలవాట్ల వల్ల లాభపడింది కుర్రాడే కదా, పెద్దాయనకి ఒరిగిందేమిటి? ఆ తర్వాత అరగంట హైపోలు, అంటే వాస్తవాలు కాస్త మార్చి అడిగే ఊహా ప్రశ్నలు. కుర్రాడికి పొగాకు ముట్టే హక్కు చట్టప్రకారం అసలే లేకపోతే? ‘సందు చివరి కొట్టుదాకా రా, కోటు కొనిపెడతా’ అని ఉంటే ఆ నడక ప్రతిఫలమా (మాటకి బదులుగా ఇచ్చేది, ఒప్పందం చెల్లడానికి కావాల్సింది), లేక బహుమతి అందుకోవడానికి దారేనా? క్లాసుకి ఊపు వచ్చేది ఇక్కడే, తొందరపడకు. ఆఖరి ఏడు నిమిషాల్లో ప్రతి ఒక్కరూ రూలుని సొంత మాటల్లో ఒక్క వాక్యంగా రాయాలి. మన 1872 కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 2(డి)లో చేయకుండా మానుకోవడమూ ప్రతిఫలమేనని నేరుగా ఉంది కదా, కావాలంటే అప్పుడు చూపించు. ముందే చూపిస్తే వాళ్లు వెతుక్కోవాల్సింది నువ్వే తీసి చేతిలో పెట్టినట్టవుతుంది.

ప్రశ్నలడగడానికి రోజుకి ఆరుగురిని పెట్టుకుంటే, 39 క్లాసుల్లో ఒక్కొక్కరికి మూడుసార్లు వంతు వస్తుంది. కానీ ఆ ఆరుగురి పేర్లు ముందే ప్రకటిస్తే మిగతా 69 మంది చదవకుండా వస్తారు. మొదటి ప్రశ్న ప్యానెల్‌కి వెయ్యి, రెండోది ఎవరికైనా. తడబడినవాళ్లని పది నిమిషాలు నిలబెట్టి పీడించకు. చిన్న ప్రశ్న మరొకటి అడిగి, జవాబు రాబట్టి, ముందుకు కదులు.

ఇప్పుడు ఐదో వారం పరీక్ష. 250 మాటల కథ, అందులో రెండే న్యాయ సమస్యలు, 45 నిమిషాలు, క్లాసులోనే. ఇంటికిస్తే ఏఐ రాసిందేదో, పిల్లలు రాసిందేదో తేల్చలేవు. 2023లో మాటా వర్సెస్ అవియాంకా కేసులో చాట్‌జీపీటీ కల్పించిన తీర్పులు కోర్టులో దాఖలు చేసి 5,000 డాలర్ల జరిమానా తెచ్చుకున్న లాయర్ల సంగతి మాత్రం మొదటి వారమే చెప్పు. మార్కులు మొత్తం గ్రేడులో పది శాతం. సున్నా అయితే ఎవరూ పట్టించుకోరు, పాతిక అయితే ఆ వారం మిగతా సబ్జెక్టులు మూలపడతాయి, ఆ టీచర్లు నీ మీద గుర్రుగా ఉంటారు.

ఒక్కో పేపరుకి పది నిమిషాలంటే 75కి పన్నెండున్నర గంటలు, సాగదు. ముందు పది పేపర్లు మార్కులు వేయకుండా ఊరికే చదువు. మార్కుల పట్టిక ఆ తర్వాతే ఖాయం చెయ్. పదికి: సమస్య గుర్తించినందుకు 2, రూలుకి 2, కథలోని వాస్తవాలతో రూలుని ముడిపెట్టినందుకు 4, ఎదుటి పక్షం వాదనకి 2. చాలామంది జారేది ఆ నాలుగు దగ్గరే. రూలు రాసి, వెంటనే ‘కాబట్టి ఒప్పందం చెల్లుతుంది’ అనేస్తారు. పట్టికతో అయితే పేపరుకి నాలుగు నిమిషాలు, మొత్తం ఐదు గంటలు. విడివిడిగా వ్యాఖ్యలు రాయకు. క్లాసంతటికీ ఒక పేజీ నోటు ఇవ్వు, దానికి బాగున్న జవాబొకటి, నాసి జవాబొకటి జతచెయ్. నాసిది నువ్వే తయారుచెయ్, ఏ విద్యార్థిదీ వాడకు.

రెండు జాగ్రత్తలు. పేపరు మీద పేరుకి బదులు వేసే పరీక్ష నంబర్లు మిడ్‌టర్మ్‌కి వేరు, ఫైనల్‌కి వేరు ఇవ్వమని రిజిస్ట్రార్‌ని ముందే అడుగు. లేకపోతే మిడ్‌టర్మ్ గురించి మాట్లాడటానికి నీ దగ్గరికొచ్చిన పిల్లల నంబరు నీకు తెలిసిపోతుంది, ఫైనల్‌లో పేరు దాచి ఫలితం ఉండదు. రెండోది, తేదీ ఖరారు చేసే ముందు లీగల్ రైటింగ్ టీచరుకి ఫోన్ చెయ్. వాళ్ల మొదటి మెమో (రాసి ఇవ్వాల్సిన న్యాయ విశ్లేషణ) గడువు కూడా ఆ రోజుల్లోనే పడుతుంటుంది. రెండూ ఒక వారంలో పడితే నీ పరీక్షే ఓడిపోతుంది.

అకడమిక్ వ్యవహారాలు చూసే అసోసియేట్ డీన్‌కి ఇదంతా జులైలోనే ఒక పేజీలో చెప్పి ఉంచు. కొత్త పద్ధతి పెట్టిన ఏడాది విద్యార్థుల రేటింగ్ కాస్త తగ్గొచ్చు, ఆ తగ్గుదల నీ టెన్యూర్ ఫైల్‌లో (ఉద్యోగం శాశ్వతం చేసేటప్పుడు చూసేది) కారణం లేకుండా కనబడకూడదు. ఒక సీనియర్ ప్రొఫెసర్ని క్లాసుకి పిలిచి చూడమను. ఫ్యాకల్టీ మీటింగ్‌లో మాత్రం ఈ ఏడాది దీని గురించి మాట్లాడకు. మే నెలలో పక్క సెక్షన్ టీచరే వచ్చి ఆ మార్కుల పట్టిక అడిగితే ఇవ్వు.

సవరించిన సిలబస్ జూన్ పదిలోపు పంపు.

మీ మామయ్య