పప్పు ఒలిచే చోట కాసేపు కూర్చో, తల్లీ

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

పలాసలో నీ జీడి కార్ఖానాకి కార్బన్ విడుదల తగ్గించే పని పెట్టుకున్నావని, షెడ్డు మీద సోలార్‌కి లోను కూడా అడిగావని నిన్న అక్క ఫోన్లో చెప్పింది. వింటున్నంతసేపూ గర్వంగా అనిపించింది. ఫోన్ పెట్టేశాక టెన్షన్ పట్టుకుంది, రాత్రి నిద్ర లేదు.

ముందు లెక్క రాయి. ఏడాది కరెంటు బిల్లులు, జనరేటర్ డీజిల్, పిక్కలు ఉడికించే బాయిలర్లో వేసిన కట్టె తూకం. లీటరు డీజిల్ కాలితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, గ్రిడ్ కరెంటు యూనిట్‌కి సుమారు 0.7 కిలో. ఆవిరి పైపులకి తొడుగు వేయించు, లీకులు ఆపించు. ఇవి నీకు ఎవరైనా చెబుతారు.

నా భయం పొగ గురించి.

కాశీబుగ్గలో మా బాయిలర్‌కి మొదట సరుగుడు కట్టె కొనేవాళ్ళం. దాని ధర పెరిగింది. పెరట్లో చూస్తే జీడి తొక్క కొండలా పడి ఉంది. ఇంట్లో ఉన్నది వదిలేసి కట్టె కొనడమేంటని నూనె తియ్యని తొక్కని అలాగే పొయ్యిలో వేయించాను. మంట బ్రహ్మాండంగా వచ్చింది. బొగ్గు కాల్చట్లేదు, చెట్టు కొట్టట్లేదు అని ఊరంతా చెప్పుకున్నాను కూడా. పిక్క కొట్టేవాళ్ళ చేతులు పొక్కించేది ఆ తొక్కలోని నూనే కదా. అది సరిగ్గా కాలక ఘాటు పొగై షెడ్డంతా కమ్మేది. ఆడవాళ్ళు కళ్ళకి కొంగు అడ్డం పెట్టుకుంటూ పప్పు ఒలిచారు. మీ అత్త నాకు క్యారేజీ తెచ్చి, దగ్గుతూ ఇంటికెళ్ళేది. "పొగ రాని పొయ్యి ఎక్కడుంది?" అని దాని మీదే విసుక్కున్నాను. ఏళ్ళ తరబడి మా దగ్గర చేసిన ఒకావిడ "ఊపిరి ఆడట్లేదు బాబూ" అని పని మానేసింది. ఆ రోజే నాకు తెలియాలి. తెలియలేదు. బాయిలర్ గొట్టాలకి తారు పట్టి ఆవిరి తగ్గి, డబ్బు పోతేగాని పొయ్యి వైపు చూడలేదు నేను.

ఆ నల్ల మసి కూడా భూమిని వేడెక్కించేదే. నువ్వు మాత్రం తొక్కని నూనె తీసేవాళ్ళకి పంపు. ఆ నూనె బ్రేకు లైనింగులకి, రంగులకి పోతుంది. మిగిలిన పిప్పిని బాగా ఆరబెట్టి, పొయ్యికి చాలినంత గాలి ఇచ్చి కాల్చు. తడిది వేస్తే వేడిలో కొంత అందులోని నీళ్ళు ఆవిరి చెయ్యడానికే పోతుంది.

ఇక సోలార్. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు నువ్వు హాస్టల్లో ఉన్నావు. ఉద్దానంలో జీడి, కొబ్బరి చెట్లు పడిపోవడం నేను కళ్ళారా చూశాను. మా షెడ్డు రేకులు ఎక్కడెక్కడో దొరికాయి. పలకలని రేకులకి బిగిస్తామంటే ఒప్పుకోకు, కింద ఇనుప దూలాలకి బిగించమను. బ్యాటరీ లేని మామూలు సోలార్, లైన్లో కరెంటు పోగానే తనూ ఆగిపోతుంది. కాబట్టి జనరేటర్ ఇప్పుడే అమ్మకు, అమ్మా.

ఈలోపు ఒక పని చెయ్యి. బాయిలర్ నడిచేటప్పుడు పప్పు ఒలిచే చోట వాళ్ళతో గంటసేపు కూర్చో. కళ్ళు మండితే వెంటనే ఫోన్ చెయ్యి. మొదటి బస్సుకే వచ్చేస్తాను. మీ అత్త కూడా వస్తానంటోంది, నిన్ను చూసి చాలా రోజులైందట.

మీ మావయ్య